మలుపు ఎవరినీ వదలదు

ఘాట్ రోడ్లపై పందేలు వేసి, పోలీసుల కన్నుగప్పి పారిపోయిన తమ యౌవన గాథలను కొందరు పెద్దలు పిల్లల ఎదుటే మురిసిపోతూ చెబుతుంటారు. చెప్పగలిగినవారు బతికి బయటపడినవారే. తక్కినవారిని ప్రభుత్వాసుపత్రులలో మావంటి వైద్యులం చూశాము. వేగం 40 నుండి 80 కిలోమీటర్లకు పెరిగితే వాహనపు గతిశక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మలుపులో బండి రోడ్డును విడువకుండా ఉండేందుకు కావలసిన బలమూ నాలుగింతలే. ఆ వేగంలో ఒక్క సెకను ఏమరుపాటుకు 22 మీటర్లు దాటిపోతాము. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చునని చట్టం చెబుతున్నది. పెద్దలారా, కథ చెప్పదలచితే, మీతో బయలుదేరి తిరిగిరాని మిత్రుని కథనూ చెప్పండి.