తీతువు పిట్ట వాకిట్లో నేను

పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు జరిగిన సంగతిది. చెప్పుకుంటే నా పరువే పోతుంది, అయినా చెప్తాను.

రెండేళ్ళుగా నాకు ఫొటోల పిచ్చి పట్టింది. ఈసారి సూట్‌కేసులో బట్టలు తగ్గించి మరీ బారెడు లెన్సు పెట్టుకుని బయల్దేరాను. "పెళ్ళిళ్ళకి తీస్తావేంట్రా?" అంది అమ్మ. కాదమ్మా, పిట్టల్ని తీస్తానంటే, నా చదువు మీద పెట్టిన ఖర్చంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టు చూసింది.

మా చేలో తీతువు పిట్ట గుడ్లు పెట్టిందని తెలిసింది. గూడంటూ ఏమీ ఉండదు దానికి. నేల మీద చిన్న గుంట, అందులో గులకరాళ్ళలా కలిసిపోయిన నాలుగు గుడ్లు. వాటిని దగ్గర్నుంచి తీశాను. తర్వాత పిట్ట గుడ్ల మీద కూర్చున్నప్పుడు తీద్దామని, ముప్పై అడుగుల దూరంలో వేపచెట్టు కింద మాటు వేశాను. అది రాదే! నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. నేనూ పట్టు వదల్లేదు. అరగంట గడిచింది. మే నెల, పొద్దున పదిన్నర. మా ప్రకాశం జిల్లా ఎండ సంగతి వేరే చెప్పాలా?

మా చేను కౌలుకి చేసే మావయ్య అటుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం అల్లుడూ, ఫొటో అయిందా?"

"ఇంకా లేదు మావయ్యా, పిట్ట రావట్లా."

"నువ్వు దాని వాకిట్లో కూకుంటే అదెట్టా వచ్చుద్ది? అది నీడ పట్టకపోతే ఈ ఎండకి గుడ్లు ఉడికిపోవూ? కాలవలో పొట్ట తడుపుకొచ్చి మరీ కూకుంటది పాపం. లెగు, దాన్ని కొంపలోకి పోనియ్యి."

లేచాను. మేం గట్టు దాటగానే పిట్ట దిగింది.

ఇంటికొచ్చి వెతికితే మావయ్య చెప్పిందంతా పక్షి శాస్త్రజ్ఞులు రాసిపెట్టిందే. ఎండలు ముదిరితే తీతువులు పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుస్తాయట. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నాకు తెలియనిది, ఆయనకి చేలో తిరిగే తెలిసింది.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. మూడేళ్ళ క్రితం ఒహాయోలో నేను పనిచేసే క్లయింటు ఆఫీసు పార్కింగ్ లాటులో, కంకర మీద ఒక కిల్‌డీర్ గుడ్లు పెట్టింది. తీతువుకి దగ్గరి చుట్టమే అది. ఎవరైనా దగ్గరకొస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ కుంటుకుంటూ దూరంగా లాక్కుపోతుంది. మెయింటెనెన్సు వాళ్ళు నాలుగు కోన్లు పెట్టి పసుపు టేపు కట్టారు. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం, పర్మిట్ లేకుండా ఆ గుడ్ల జోలికి వెళ్ళకూడదు. మేమందరం బుద్ధిగా టేపు ఇవతలే నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నాం. నేనూ అంతే. అవతలికి ఒక్క అడుగు వేస్తే ఒట్టు.

మరి మన ఊళ్ళో ఏమైంది నాకు? టేపు లేదు, అంతే. మన దగ్గర చట్టం లేదనుకునేరు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే, అడవి పక్షుల గుడ్లని, గూళ్ళని కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. అంటే ఆ అరగంటా చేతిలో తుపాకీ లేదన్న మాటే గానీ, నేను చేసింది వేటకి ఎంతో దూరంలో లేదు.

"ఫొటోలు చూస్తేనే కదా పిల్లలకి వాటి మీద ప్రేమ పుట్టేది" అంటాడు నా స్నేహితుడొకడు. నిజమే, నేను కెమెరా అటక మీద పారేయమనట్లేదు. తీయాల్సినవి ఊళ్ళో బోలెడున్నాయి. ట్రాక్టరు దున్నుతుంటే వెనకాలే పురుగులకోసం నడిచే కొంగలు, గేదె వీపు మీద సవారీ చేసే పసులపోలిగాడు, కరెంటు తీగ మీద పాలపిట్ట... వీటికి మనుషులు అలవాటే, కాస్త ఎడంగా ఉంటే చాలు. మనమేమో పులి కోసం వేలు తగలేసి జీపెక్కుతాం, ఇంటి వెనక ఉన్నవాటి పేర్లు మాత్రం మర్చిపోయాం.

నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. నా వల్ల ఆ ప్రాణి చేస్తున్న పని ఆపిందంటే, ఇక నా ఫొటో అయిపోయినట్టే. లేచి వచ్చేయాలి. గూళ్ళ ఫొటోలు నెట్‌లో పెట్టను. ఫోను ఫొటోలో లొకేషన్ దాస్తుంది కాబట్టి అది ఆపేస్తాను. పిట్ట గూడు అక్షాంశ రేఖాంశాలతో సహా ఊరందరికీ పంచిపెట్టే హక్కు నాకెవరిచ్చారు?

మన వాళ్ళు దసరాకి పాలపిట్టని చూస్తే మంచిదంటారు. కనిపిస్తే కళ్ళకద్దుకునే ఆచారం కాస్తా, పట్టి పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేదాకా వచ్చింది. 2023లో వచ్చిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక చూస్తే పాలపిట్టలు తగ్గిపోతున్నాయి. చూడాలన్న ఆశ తప్పు కాదు, ఎలాగైనా చూసి తీరాలన్న పంతంతోనే వస్తుంది చిక్కు. ఆ రోజు నాది ఆ పంతమే.

నేను తిరుగు విమానం ఎక్కేముందు మావయ్య వేసవి దుక్కి మొదలుపెట్టాడు. వెళ్ళి చూస్తే చేనంతా ఎర్రగా దున్ని ఉంది, మధ్యలో మంచమంత జాగా మాత్రం అలాగే వదిలేశాడు. ఏ చట్టమూ చదవలేదాయన, టేపూ కట్టలేదు. డొంకలో నిలబడి ఒక ఫొటో తీశాను. అందులో పిట్ట చుక్కంత ఉంటుంది, చూపిస్తే తప్ప కనపడదు. నేను తీసినవాటిలో నాకిష్టమైంది అదే.

తర్వాత ఫోన్లో అడిగితే, రెండు గుడ్లు పిల్లలయ్యాయి, రెండు మురిగిపోయాయి అన్నాడు. నా అరగంట వల్లేనా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అన్నట్టు, మీ వైపు ఈ పిట్టని ఏమంటారు? అది అరిస్తే అశుభం అంటారు కదా. ఆ రోజు అది అరిచింది మాత్రం నన్ను చూసే.