చరిత్రలో ఒక సంవత్సరం: 1323

గుడిమల్కాపూర్ నుండి గోల్కొండ ఎంతో దూరం లేదు. కుతుబ్‌షాహీల రాతిగోడలు లేవకముందు అక్కడ కాకతీయుల కాలపు మట్టికోట ఉండేదని పెద్దలు చెబుతారు. ఆ కాకతీయుల ఏలుబడి ముగిసిన సంవత్సరమే 1323.

అప్పటి ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్. ఆయన కుమారుడు ఉలుగ్‌ఖాన్ అంతకుముందే ఓరుగల్లును నెలల తరబడి ముట్టడించాడు. ఇంతలో సుల్తాను చనిపోయాడని శిబిరంలో ఒక వట్టి పుకారు పుట్టింది. సైన్యం చెదిరిపోయింది. ఉలుగ్‌ఖాన్ దేవగిరికి వెనుదిరిగాడు. కోటలోనివారు గండం గడిచిందనుకున్నారు. కాని కొన్ని నెలలకే అతడు కొత్త బలగంతో మళ్ళీ వచ్చాడు. ఈసారి కోట నిలువలేదు. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరాన కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతోంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది.

అదే ఏడు జూలైలో, నేటి ఫ్రాన్సులోని అవిన్యోను నగరంలో, 49 ఏళ్ళ క్రితం మరణించిన వేదాంత పండితుడు థామస్ అక్వినాసును పోపు 22వ యోహాను పరిశుద్ధునిగా ప్రకటించాడు.

ఉలుగ్‌ఖాన్ 1325లో ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు. మరో పది పన్నెండేళ్ళకు ఓరుగల్లు అతని చేయి జారిపోయింది. ఓడినవాని కోటా నిలువలేదు, గెలిచినవాని గెలుపూ నిలువలేదు.

మరి నిలిచినదేమిటి? కాకతీయుల కాలంలో కట్టిన పాఖాల, రామప్ప చెరువులు. వాటి కింద నేటికీ వరి పండుతోంది. మన ఊరి చెరువుకు పూడిక తీసే రోజు వచ్చినప్పుడు, ఈ సంగతి పిల్లలకు చెప్పి, వారినీ వెంట తీసుకువెళ్ళండి.