మన డాబా మీది కోతి, ఎయిడ్స్ ల్యాబ్‌లో కోతి

కరీంనగర్‌లో కోతి అంటే తలనొప్పి. మక్క చేన్లు ఆగం చేస్తుంది, డాబా మీద వడియాలు ఎత్తుకుపోతుంది. "పట్టుకుని నిర్మల్ పునరావాస కేంద్రంలో వదిలెయ్యండి" అంటారు అందరూ. ఎయిడ్స్ రీసెర్చ్‌లో మాత్రం ఇదే జంతువు బంగారం.

మన దగ్గర రెండు రకాలు. గోదావరికి దక్షిణాన మొదట్నుంచీ ఉన్నది నెత్తిన టోపీలాంటి జుట్టుండే బానెట్ కోతి. ఉత్తరం నుంచి దిగుతున్నది రీసస్. అమెరికా ల్యాబులకు కావలసింది రీసస్, అందులోనూ ఇండియా సంతతి. కోతుల వైరస్ ఎస్ఐవీ ఎక్కిస్తే చైనా రీసస్ కంటే దీనికి జబ్బు త్వరగా ముదురుతుంది. 1978లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. అంతకుముందు వెళ్ళినవాటి సంతానం ఇంకా అక్కడి ల్యాబుల్లోనే ఉంది.

అసలు హెచ్ఐవీ రీసస్‌లో నిలవదు. ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రోటీన్ దాన్ని అడ్డుకుంటుందని 2004లో తేలింది. అందుకే ఎస్ఐవీనో, రెండూ కలిపి చేసిన ఎస్‌హెచ్ఐవీనో వాడతారు. మా సీఎస్ఈ వాళ్ళకి చెప్పాలంటే, వేరే డేటా మీద ట్రైన్ చేసిన మోడల్ అన్నమాట.

మరి పనికొస్తుందా? 1995లో టెనోఫోవిర్ ఇచ్చిన కోతులకు ఎస్ఐవీ అంటలేదు. 2012లో ఆ మందున్న మాత్రకే హెచ్ఐవీ రాకుండా వాడేందుకు అమెరికా అనుమతిచ్చింది. మా వైపు ఈ జబ్బు పేరు ఇంకా గుసగుసగానే పలుకుతారు గానీ, ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితంగా ఇచ్చే మాత్రలోనూ టెనోఫోవిర్ ఉంది. ఇంకోవైపు, ఎస్‌హెచ్ఐవీ నుంచి కోతుల్ని కాపాడిన మెర్క్ వ్యాక్సిన్ 2007లో మనుషుల్లో ఫెయిలైంది. మందు కొట్టేది వైరస్ ఎంజైమ్‌ని, అది రెండు వైరస్‌లలోనూ ఈ మందుకు లొంగుతుంది. వ్యాక్సిన్ నడవాల్సింది ఇమ్యూనిటీ మీద, అది ఎవరిది వాళ్ళదే. పైగా అప్పుడు వాడిన ఎస్‌హెచ్ఐవీ సులువుగా లొంగే రకం. ఈజీ పేపర్ ఇచ్చి డిస్టింక్షన్ అని చెప్పుకోవడమే కదా!

అందుకే "మొత్తం బ్యాన్ చెయ్యాలి" అనేవాళ్ళతో నేను కలవను. ఆ మాత్ర వేసుకునే మనిషికి ఏం చెప్తారు? "కోతే కదా" అనేవాళ్ళతో అసలే కలవను. ఈ చర్చ దూరపుదేం కాదు. కోవాగ్జిన్ పరీక్షకు వాడిన 20 రీసస్‌లను పట్టింది మన ఆదిలాబాద్ దాటితే వచ్చే నాగపూర్ వైపే. మన జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు పరిశోధన కేంద్రమూ ఉంది. అక్కడ ఏ ప్రయోగానికైనా కోతిని అడిగేవాళ్ళు ముందు రాసివ్వాలి: ఏ ప్రశ్న, ఏ వైరస్, ఈ జవాబు మనిషికి ఎందుకు వర్తిస్తుంది. ఫెయిలైన ప్రయోగాల రిజల్ట్ కూడా బయటపెట్టాలి, అదే ప్రయోగం కోసం మళ్ళీ ఇంకో 20 పట్టకుండా.