పాసుపుస్తకం అడిగే విదేశీ చదువు

విదేశీ విద్యపై మన కళాశాలల్లో జరిగే అవగాహన సదస్సులు ర్యాంకింగుల గురించి, ఐఈఎల్‌టీఎస్ స్కోర్ల గురించి గంటల తరబడి చెబుతాయి. పూచీకత్తు ప్రస్తావన చివర్లో ఒక్క మాటతో ముగుస్తుంది. దళిత, ఆదివాసీ విద్యార్థికి అసలైన ప్రవేశ పరీక్ష ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది.

రూ.7.5 లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా కోరతాయి. అమెరికాలో మాస్టర్స్ చదువుకు అయ్యే వ్యయం దానికి ఎన్నో రెట్లు. కనీసం మొదటి ఏడాది ఖర్చుకు నిధులు చూపనిదే అక్కడి విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఇవ్వదు. అది లేనిదే విద్యార్థి వీసా లేదు. బ్రిటన్‌ వీసాకు చూపే సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు, నిజమే. కానీ స్కాలర్‌షిప్పో హామీదారో లేనివారు ఏడాది జీవనవ్యయం కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో జమచేయాలి.

ఈ నిబంధనల్లో ఎక్కడా కులం పేరు లేదు. అయినా అవి అడుగుతున్నది తరతరాలుగా భూమి ఎవరి చేతిలో ఉందనే. ఉన్న ఎకరమూ ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి అయితే, దాని బదిలీపై 1977 చట్టం విధించిన ఆంక్షలు చూసి బ్యాంకు మేనేజరు జంకుతాడు. దళితుల భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడవలసిన చట్టమే వారి పిల్లల చదువుకు అడ్డుగా నిలవడం విచిత్రమైన విషయం.

ఈ లోటు పూడ్చడానికే ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి రూ.20 లక్షలు ఇస్తుంది. అయితే తొలి విడత అందేది ఆ దేశంలో దిగినట్టు పత్రం చూపిన తర్వాతే. దిగడానికి ముందు చూపవలసిన సొమ్ము మాటేమిటి? అక్కడే వడ్డీవ్యాపారి ప్రవేశిస్తాడు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 125. 2025లో ఎంపికైన 106 మందిలో తొలుత 40 మందికే తాత్కాలిక అవార్డు లేఖలు ఇచ్చి, మిగతావారి విషయం నిధుల లభ్యతను బట్టి చూస్తామన్నారు. విశ్వవిద్యాలయం మాత్రం ఎవరి ఖజానా కోసమూ ఆగదు.

అంబేద్కర్ 1913లో కొలంబియాకు వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో. దాని గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. దాచుకున్న జీతం, మిత్రుని అప్పు, షాహూ మహారాజ్ సాయం కూడితే గానీ 1920లో మళ్లీ వెళ్లలేకపోయారు. 1916లో ఆయన కొలంబియాలో సమర్పించిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక గురించినది. భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాలపై పరిశోధనకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వర్తించదని 2022లో కేంద్రం నిబంధన పెట్టింది. ఆ లెక్కన అంబేద్కర్ దరఖాస్తు నేడు తిరస్కరణకు గురవుతుంది. కులాన్ని గురించి దళితుడు విదేశంలో పరిశోధిస్తే ప్రభుత్వానికి ఎందుకంత ఇబ్బంది?

విమానం ఎక్కినంత మాత్రాన కులం దిగిపోదని కూడా విద్యార్థులు ఎరిగి ఉండాలి. గది పంచుకునే తోటి తెలుగువారే ఇంటిపేరు ఆరా తీయవచ్చు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. కాబట్టి దరఖాస్తుకు ముందే ఆ విశ్వవిద్యాలయ విధానంలో కులం అనే పదం ఉందో లేదో చూసుకోవడం ఫీజు చూసుకున్నంత అవసరం.

ఇక ప్రభుత్వాలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఆగస్టులో తరగతులు మొదలయ్యే విద్యార్థికి మార్చిలోగా ఎంపిక ఫలితం, విశ్వవిద్యాలయమూ వీసా కార్యాలయమూ నిధుల రుజువుగా అంగీకరించే హామీ లేఖ చేతికివ్వాలి. బ్యాంకులకు పాసుపుస్తకం బదులు ప్రభుత్వమే పూచీ ఉండాలి.