గోపురం ముందు అవ్వ



కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘ కుటుంబాలతో కలసి మేము మెదక్ చర్చి చూడడానికి వెళ్లాము. 1924లో ప్రతిష్ఠించబడిన ఆ మందిరపు గోపురం 175 అడుగుల ఎత్తు. మాతో వచ్చిన ఒక అవ్వ, "అయ్యగారూ, నాకొక ఫోటో తియ్యండి" అని అడిగింది. గోపురం మొత్తం రావాలనే ఆశతో ఆమెను ద్వారం దగ్గర నిలబెట్టి, మేము ఫోను పట్టుకొని వెనక్కు వెనక్కు నడిచాము. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

మూడు నెలలకే అవ్వ ప్రభువునందు నిద్రించింది. పటం కట్టించుకోవాలని ఆమె కుమారుడు ఆ ఫోటో అడిగాడు. తీసి చూస్తే గోపురం కొన వరకూ చక్కగా వచ్చింది. అవ్వ మాత్రం చీమంత ఉంది. పెద్దది చేస్తే కళ్లున్న చోట నల్లని నీడలే. చివరకు ఆ ఇంటివారికి ఆధార్ కార్డులోని బొమ్మే దిక్కయింది.

తప్పు మాదే. ఆ తరువాత మా ఊరి ఫోటో స్టూడియో అతని దగ్గర కూర్చుని నేర్చుకున్న సంగతులు, ప్రయాణాలకు వెళ్లే మీకు పనికివస్తాయని వ్రాస్తున్నాము.

మొదట ఎండ ఎటు ఉందో చూడండి. నడినెత్తి ఎండ కనుబొమల నీడను కళ్లమీద వేస్తుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ముఖాన్ని వెలిగిస్తుంది. మధ్యాహ్నమే తీయవలసివస్తే వరండాలోకో, దట్టమైన చెట్టునీడకో పిలవండి. మనిషి వెనుక సూర్యుడుంటే ముఖం నల్లబడుతుంది. అప్పుడు ఫోను తెరమీద ఆ ముఖాన్ని వేలితో తాకితే కొంత నయం.

కట్టడం మొత్తం రావాలంటే మనుషులను దాని దగ్గరకు పంపకండి. వారిని కూడా మీతో వెనక్కు తీసుకువచ్చి, మీకు ఐదారు అడుగుల దూరంలో నిలబెట్టండి. ముఖమూ తెలుస్తుంది, గోపురమూ వెనుక కనబడుతుంది. తీయబోయే ముందు ఫోను లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. జేబులోని చెమట, దుమ్ము అంటితే ఫోటో మసకబారుతుంది.

మెదక్ మందిరంలోని రంగుటద్దాల కిటికీలు బయటి పగటి వెలుతురుతోనే ప్రకాశిస్తాయి. ఫ్లాష్ వాటికి పనికిరాదు. అక్కడివారిని అడిగి, అనుమతిస్తేనే తీయండి. ఆరాధన జరుగుతుంటే ఫోను జేబులోనే ఉండనివ్వండి.

గోపురం నూరేళ్లు దాటి నిలిచి ఉంది. మరల వెళ్లినా చూడగలం. మన ప్రక్కన నిలిచినవారు మరల మనతో వస్తారో లేదో! కనుక ఈసారి మొదటి ఫోటో ఇంటి పెద్దవారిది, దగ్గరగా తీయండి. ఇంటికి రాగానే ప్రింటు వేయించి వారి చేతికివ్వండి.