పళ్ళచక్రం మార్చితే ప్రగతి వచ్చునా?

ట్రాక్టరు గేర్లను మార్పించి, రోడ్డుమీద దాని వేగం పెంచుకోవడాన్ని మెచ్చుకునే మిత్రులు కొందరున్నారు. "పల్లెటూరి మెకానిక్కు ప్రతిభ చూడండి, కంపెనీ ఇంజనీరుకు తట్టనిది వీడికి తట్టింది" అని పొంగిపోతుంటారు. ఆ మెకానిక్కు చేతినేర్పును నేనూ కాదనను. ఆ నేర్పు వినియోగమవుతున్న పని మాత్రం మంచిది కాదని, ట్రాక్టరే ఎద్దూ బండీ రెండూ అయిన మా దుత్తలూరు మెట్టసీమ పక్షాన చెప్పదలచుకున్నాను.

ముందు సంగతి తెలుసుకుందాం. ఇంజను వడిగా తిరుగుతుంది, చక్రం మెల్లగా తిరగాలి. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేవి పళ్ళచక్రాలు. చిన్నచక్రం పెద్దచక్రాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. వెనుక ఇరుసులో ఉండే క్రౌను, పినియను జతను మార్చి ఆ తగ్గింపును తక్కువ చేస్తే, ఇంజను అదే జోరున తిరుగుతున్నా బండి ఎక్కువ వేగంతో పోతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఎంత వేగం కలిసివచ్చిందో ఆ మేరకు లాగే బలం తరిగిపోతుంది. ఇంజను శక్తి పిసరంతయినా పెరగదు.

ఆ తరుగుదల రోడ్డుమీద కనిపించదు, చేలో కనిపిస్తుంది. రోటవేటరు కత్తులు ఇంజను జోరును బట్టి తిరుగుతాయి, బండి నడక గేర్లను బట్టి ఉంటుంది. కత్తుల వేగం పెరగకుండా నడక మాత్రం పెరిగితే, ఒక్కొక్క కత్తి పెద్దపెద్ద పెళ్ళలను పెకలించి వదిలేస్తుంది. మెత్తగా దున్నవలసిన నేలలో గడ్డలు మిగులుతాయి. క్రింది గేరు వేసుకోవచ్చు గదా అంటారా? అన్నిటికంటె క్రింది గేరుకు క్రింద మరొకటి లేదు గదా!

మంచుదేశాలలో స్నోమొబైలు నడిపేవారు పళ్ళచక్రాలు మార్చి వేగం పెంచుకుంటారు, మనవాడు చేస్తే తప్పేమిటని మరొక వాదం. ఆ బండికి వెనుక చక్రాలుండవు, రబ్బరు పట్టా తిరుగుతూ మంచును వెనక్కు నెడుతుంది. ఆ పట్టాను తిప్పే గొలుసుకున్న పళ్ళచక్రాలను మార్చుకునే మాట నిజమే. అయితే గడ్డకట్టిన చెరువుమీద చదునుగా పరుగెత్తేవారే వేగానికి మార్చుకుంటారు. లోతు మంచులో కొండ ఎక్కేవారు అందుకు విరుద్ధంగా, వేగం తగ్గించి బలం పెంచుకుంటారు. నేలను బట్టి గేరు అన్నమాట. పైగా ఆ బండిమీద పోయేవారు ఒకరో ఇద్దరో. వారి వెనుక ఇరవైమంది కూలీలు కూర్చున్న ట్రాలీ ఉండదు.

మంచు మాట వచ్చింది గనుక మరొకటి చెబుతాను. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ దక్షిణధ్రువం చేరింది ఏ దూకుడు వాహనంమీదనో కాదు, పొలం దున్నే ఫెర్గూసన్ ట్రాక్టర్లమీద. వాటికి పట్టాలు తొడిగించి నడిపించాడు. ఆ ట్రాక్టరు శక్తి 30 అశ్వశక్తికి మించదు. నేలమీదుగా ధ్రువం చేరిన మొదటి మోటారు వాహనాలు అవే. మన ఊళ్ళలో తిరిగే మాసీ ఫెర్గూసన్ ఆ వంశానిదే. నత్తనడక యంత్రం ధ్రువాన్ని చేరగలిగింది. దానితో మనం చేరవలసింది పక్క ఊరు.

అసలు ప్రమాదం ఆగడంలో ఉన్నది. వేగం గంటకు 25 కిలోమీటర్ల నుండి 35 అయిందనుకుందాం. పెరిగింది పదే గదా అనిపిస్తుంది. కాని బండికున్న ఊపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే దాదాపు రెండింతలు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరమూ దాదాపు రెండింతలు. గేర్లు మార్చినవాడు బ్రేకులు మార్చలేదు. మన ట్రాలీలలో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. ఇక మిగిలిన కాలమెంత? 20 కిలోమీటర్ల ప్రయాణంలో 14 నిమిషాలు!

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. గేర్లు మార్చడమే అందుకు కారణమని నేననడం లేదు. ఉన్న వేగంతోనే ట్రాలీ ఎంత అపాయకరమో చూడమంటున్నాను. అటువంటి దానికి ఇంకా వేగం జోడించడం ప్రతిభ ఎట్లా అవుతుంది?

"ఆలస్యం అమృతం విషం" అంటూ పెద్దల మాటను అడ్డం పెట్టుకునేవారికి ఒక మనవి. సంస్కృతంలో అలసుడంటే సోమరి, అలసుని భావం ఆలస్యం. ఆ సూక్తి నిందించేది సోమరితనాన్ని, నిదానాన్ని కాదు. నిదానమే ప్రధానమన్నదీ, పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలన్నదీ మన పెద్దలే.

డ్రైవరును ఒక్కణ్ణే దోషిని చేయడం న్యాయం కాదు. ట్రిప్పుకింతని బాడుగ కట్టి, ఎక్కువ ట్రిప్పులు వేసినవాడికే ఎక్కువ ముట్టజెప్పేది మనమే. ట్రాక్టరు అప్పు కంతులు నెత్తిమీద ఉన్నవాడు వేగం కోరక ఏం చేస్తాడు? గంటల లెక్కనో రోజు లెక్కనో బాడుగ ఇవ్వండి, ఆ కోరిక సగం దానంతటదే చల్లారుతుంది. ట్రాలీకి బ్రేకులు పెట్టించనివాడు గేరు ముట్టకూడదు. గేరు మార్చిన బండి ట్రాలీలో మనిషిని ఎక్కించకూడదు. మెకానిక్కు ప్రతిభను పొగడదలచుకున్న మిత్రులారా, ట్రాలీకి చవకలో మంచి బ్రేకు అమర్చినవాణ్ణి వెదకి పొగడండి. ఆ పొగడ్తలో మొదటి గొంతు నాదే అవుతుంది.