పంపు విప్పక ముందు

పాత లారీకి సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గాని అందుకోదు. అటువంటప్పుడు డీజిలు పంపును ఊడదీసి పరీక్షకు పంపడమే మొదటి చికిత్సగా మా పశ్చిమ ప్రకాశంలో చెలామణి అవుతున్నది. ఇది అపచికిత్స అని నా నిశ్చితాభిప్రాయం. తెలుగు పండితునికి ఇంజనుతో ఏమి పని అని చదువరులు ఆశ్చర్యపడవచ్చు. ముప్పై యేళ్ళకు పైగా మార్కాపురం ప్రాంతంలో పాఠాలు చెప్పాను. నా వద్ద ఛందస్సు అబ్బని పిల్లలు పలువురు పానా పట్టి చక్కగా రాణించారు. వారి షెడ్డులలో కూర్చొని విన్నదీ కన్నదీ నాకూ కొంత విద్య అయింది.

ఆ శిష్యులలో ఒకనికి ఉన్నది ఒకే ఒక్క లారీ. పలకల లోడుతో గిద్దలూరు మీదుగా నంద్యాల పోతూ, దిగువమెట్ట దగ్గర నల్లమల ఘాటుకు ముందు రాత్రి నిలిపాడు. తెల్లవారి బండి అందుకోలేదు. వచ్చిన మెకానిక్కు నేరుగా పంపు విప్పాడు. తొమ్మిది దినాలు లోడు రోడ్డు పక్కనే ఉండిపోయింది, కిస్తీ తేదీ దాటిపోయింది. పంపులో దోషమేమీ లేదని తిప్పి పంపారు. తీరా చూస్తే, టాంకు నుండి వచ్చే గొట్టంలో బెత్తెడు రబ్బరు ముక్క పగిలి ఉంది.

ఆ పగులు నుండి ఒక్క చుక్క కారలేదు, కనుకనే ఎవరి కంటా పడలేదు. టాంకు మొదలు ఫీడు పంపు దాకా డీజిలు పీల్పుతో నడుస్తుంది. ఆ దారిలో సందు ఏర్పడితే డీజిలు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి చొరబడుతుంది. రాత్రి బండి నిలిచి ఉన్నప్పుడు గొట్టంలోని డీజిలు మెల్లగా టాంకులోకి జారిపోతుంది. కారడం లేదు కనుక లీకు లేదనే వాదం ఇక్కడ చెల్లదు.

మన తర్కంలో తొలి పాఠమే పొగ. కొండపై పొగను చూసి నిప్పును ఊహించడం అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన వారందరికీ తెలిసినదే. అయితే పొగ లేనంత మాత్రాన నిప్పు లేదనరాదని ఎర్రగా కాలిన ఇనుపగుండును దృష్టాంతంగా చూపుతారు. డీజిలు ఇంజను ముందు ఈ తర్కాన్ని కొంత మార్చుకోవాలి. దీనికి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని 16, 17 వంతులు నొక్కి, ఆ వేడిలోకి డీజిలును చిమ్మితే తానే అంటుకుంటుంది. సెల్ఫ్ తిప్పుతుండగా సైలెన్సరు నుండి పొగ బొత్తిగా రాకపోతే, సిలిండరులోకి డీజిలు చేరడం లేదని దాదాపు నిశ్చయించవచ్చు. తెల్లపొగ వస్తుంటే డీజిలు చేరుతున్నది, కాలడం లేదు. అంటే ఇక్కడ పొగ, నిప్పు అంటుకోలేదనడానికి గుర్తు! అన్నంభట్టు చూస్తే నవ్వుకొని ఉండేవాడు. సైలెన్సరు వైపు ఒక మనిషిని నిలబెట్టడానికి పైసా ఖర్చు లేదు.

పొగ లేదనుకోండి. మొదట స్టాపు కేబులు చూడాలి. ఇంజను ఆపడానికి లాగే ఆ తీగ తుప్పుపట్టి వెనక్కు రాకపోతే పంపు డీజిలు వదలదు. లివరును చేత్తో తోసి చూస్తే చాలు. తరువాత ఫీడు పంపు మీది చేతిపంపు కొడుతూ ఫిల్టరు పైనున్న బ్లీడింగు స్క్రూ, ఆపైన పెద్ద పంపు స్క్రూ వదులు చేయాలి. నురుగు వస్తే గాలి పట్టినట్లే. బుడగలు లేని ధార వచ్చేదాకా కొట్టి బిగించాలి. గాలి మళ్ళీ మళ్ళీ చేరుతుంటే ఒక డబ్బాలో శుభ్రమైన డీజిలు పోసి, ఎత్తున కట్టి, మంచి గొట్టంతో నేరుగా ఫీడు పంపుకు కలపాలి. బండి అందుకుందా, దోషం టాంకు వైపుది. నా శిష్యుని బండికి పదవ నాడు ఈ డబ్బాయే తీర్పు చెప్పింది. మొదటి నాడే కట్టి ఉంటే అరగంట పని.

కుర్ర మెకానిక్కులను పూర్తిగా నిందించలేను. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చాయి. ఆ బండ్లకు స్కానరు తగిలిస్తే దోషసంఖ్య కనిపిస్తుంది. 1954లో బెంజి ఒప్పందంతో మొదలైన టాటా లారీల సంతతికి చెందిన పాత బండి తానుగా ఏమీ చెప్పదు, వరుసగా అడగాలి. ఆ అడిగే వరుస ఏ పుస్తకంలోనో చదివి నేర్చినది కాదు, మేస్త్రీ పక్కన టార్చి పట్టుకొని నిలబడి నేర్చినది. ఆ మేస్త్రీలకు మైకో పంపు గర్భగుడి వంటిది. 1951లో బెంగుళూరులో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్ అయినా మా వాళ్ళ నోట ఇంకా మైకోయే. అనవసరంగా విప్పితే దుమ్ము చేరుతుంది, తిరిగి బిగించేటప్పుడు టైమింగు తప్పే ప్రమాదమూ ఉంది. లేని రోగాన్ని తెచ్చిపెట్టడమే. ఎయిర్ క్లీనరు మూతి వద్ద పెట్రోలు గుడ్డ పట్టే సాహసికులను గూర్చి ఏమి చెప్పను? చేతులు కాలుతాయి, ఇంజనూ చెడుతుంది.

తెల్లపొగ వస్తూ అందుకోకపోతే దారి వేరు. ముందు 24 వోల్టులకు జతచేసిన రెండు బ్యాటరీలనూ, ఎర్తు తీగనూ చూడాలి. తిరుగుడు మందగిస్తే గాలికి చాలినంత వేడి రాదు. అవి బాగుంటే టైమింగు, నాజిళ్ళు, కంప్రెషను చూడాలి. ఆ పని ఘాటు రోడ్డు పక్కన జరిగేది కాదు, బండిని గిద్దలూరుకు లాక్కురావలసిందే.